రెండు బోల్టులు

మూడేండ్లు గోడకానుకోని నిలబడె ఈకో బండి.
మీద నీలం పట్ట, కింద కోళ్ల కాపురం.
ఆదోని కోర్టులో వాయిదా పడినప్పుడల్లా
చక్రాలు ఇంకింత మట్టిలోకి దిగినట్లుండేది నాకు.
గురువారం గురువారం మంత్రాలయం సవారీలు తోలిన బండి,
అన్నా నేనూ చెరో చెయ్యి వేసి కొన్న బండి,
ఎవరూ తాకగూడదని
తాళంచెవి వకీలు సొరుగులో పెట్టించిన బండి.

పోయిన నెల పెద్దమనుషులు తేల్చిరి:
బండి చిన్నోనికి, బాయికాడి నాలుగు సెంట్లు పెద్దోనికి.
ఇంటి నడుమ గోడ మాత్రం
ఎవరి వాటాలోకీ రాలే.

బ్యాటరీ మారిస్తి. నాలుగు తూర్లకు ఇంజను దగ్గి లేచె.
బండి కదల్లే.
సిరుగుప్ప రోడ్డు కాసిం వంగి చూసి
"డిస్కులు పట్టేసినాయప్పా, రెండువేల ఐదునూర్లయితాది" అనె.
నా దగ్గర ఉండేది ఒక జాకీ, నాయన సుత్తి,
పదిహేడో నంబరు పానా, ఒక ఆదివారం.

కాలిపర్ ఊడదీసేకే మధ్యాన్నమాయె.
రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా
బైండింగ్ వైరుతో స్ప్రింగుకు కడితి,
విరిగిన చెయ్యి మెడకు కట్టినట్లు.
మిగిలింది డిస్కు.
మిరప్పొడిలో పొర్లించినట్లు ఎర్రగా,
హబ్బుకూ దానికీ నడుమ వెంట్రుక దూరే సందు ల్యా.

కొడితి.
కిరసనాయిలు పోసి కొడితి.
డీజిలు పోసి, దూరం పోయి బీడీ తాగొచ్చి మళ్ల కొడితి.
సుంకమ్మ కాగే నీళ్లు పోసె, నేను కొడితి.
దెబ్బ దెబ్బకూ బండంతా అదిరె, పుంజు అరిచె,
గోడ అవతల గూట్లో గిన్నెలు గూడా మోగె.
డిస్కు ఉలకలే, పలకలే.
పొద్దు గూకేసరికి అరచేతిలో బొబ్బలు,
ముక్కు చీదితే తుప్పు.

రాత్రి డీజిలు దిగుతాంటాదిలే అని పండుకుంటి.
నిద్ర పట్టలే.
అవతల అన్న దగ్గు.
ఆయప్పా మేలుకోనే ఉండాడు.

తెల్లారి మళ్ల సుత్తి పడితి.
ఇరవై దెబ్బలన్నా పడింటాయి,
గేటు కాడ మేఘన, అన్న కూతురు, ఇస్కూలు బట్టల్లో.
ముందు సీట్లో నా ఒళ్లో కూచోని హారన్ కొట్టిన పిల్ల,
ఇప్పుడు నా నడుము దాటి ఎదిగుండాది.
పేపరు పొట్లం నా చేతిలో పెట్టి
"ఇయ్యి ఇచ్చి రమ్మన్యాడు" అనె. ఎవరనేది చెప్పలే.
"రెండు బెజ్జాలుంటాయంట. సుత్తి పక్కన పెట్టాల్నంట."
వెనక్కి చూడకుండా ఉరికె.

పొట్లంలో ఎనిమిదో సైజు బోల్టులు రెండు,
మరలకు గ్రీజు పూసిండాది.

తుప్పు గీరితే నిజంగానే కనపడె బెజ్జాలు,
ఎదురెదురుగా, మట్టి కూరుకోని.
చేసినోడు చేసేనాడే పెట్టిండేవి.
రెండ్రోజులు వాటి పక్కపక్కనే కొట్టుకుంటా వస్తి నేను.

ఇటు అర చుట్టు. అటు అర చుట్టు.
ఒక దిక్కే బిగిస్తే వంకర పోతాదని
చేతికే తెలిసొచ్చె.
ఇటు పావు. అటు పావు.
పానా మొరాయించె.
టప్ మనె,
సుత్తి చప్పుడంత గాదు,
శెనక్కాయ ఒలిస్తే వచ్చేంత.
డిస్కు వచ్చి నా ఒళ్లో పడె.

కొత్తవి గుంతకల్లు నుంచి తెప్పించాల.
బోల్టులు తుడిచి చొక్కా జేబులో వేసుకుంటి.
తిరిగియ్యాల గదా, పిల్ల నాలుగింటికొస్తాది,
దాని చేతికిస్తే తీరిపాయె అనుకుంటి.
నాలుగాయె. పిల్ల రిబ్బన్లు ఊపుకుంటా లోపలికి పాయె.
నేను పిలవలే.
"ఇంకో పక్క చక్రం ఉండాది గదా" అంటి సుంకమ్మతో.
అది చీకటి పడకముందే ఊడొచ్చె,
ఒక్క దెబ్బ ల్యాకుండా.

గోడ అవతల దగ్గు.
జేబులో రెండు బోల్టులు ఒకదానికొకటి తగిలి మోగుతాండాయి.
చెప్పులు యాడ ఇడిస్తినో, ఎతుకుతాండా.